రాయాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి?
పాఠకుల ప్రశ్నలు – సంపాదకవర్గం జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా క్రైస్తవ రచన గురించే. సాక్ష్యాలు (దేవుడు తమ జీవితంలో చేసింది చెప్పుకునేవి), ధ్యానాలు (ఒక బైబిల్ వచనం మీద రాసే చిన్న రచనలు), పాటలు, ప్రసంగాల పుస్తకాలు, అనువాదాలు... ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

నేను పదో తరగతి వరకే చదివాను. సంఘంలో సాక్ష్యం చెబితే అందరూ కంటతడి పెట్టుకుంటారు. అదే కాగితం మీద పెట్టబోతే ఒక్క ముక్క రాదు. మాది తెలంగాణ మాట, పుస్తకాల భాష నాకు రాదు. నేను రాయొచ్చా?
– ఒక సోదరి, మెట్‌పల్లి

నిక్షేపంగా రాయొచ్చమ్మా. మీ మాట మీకు అడ్డం కాదు. కలం పట్టగానే మనలో చాలామందికి గొంతు మారిపోతుంది, అసలు చిక్కు అక్కడ. ఇలాంటి వాక్యాలు వారానికి పది చూస్తుంటాం:

"ఆ దినములలో నేను దేవునిచేత బహుగా ఆదరింపబడి, బలపరచబడి, ఆయన సేవలో వాడబడుటకు నడిపించబడితిని."

తప్పు లేదు. కానీ ఏం జరిగిందో తెలిసిందా? ఎవరొచ్చి ఆదరించారు, ఎలా? అన్నిటికీ 'బడు' తగిలిస్తే పని చేసిన మనిషి కనబడకుండా పోతాడు. దీన్నే మీ మాటలో చెబితే:

"ఆ ఆర్నెల్లు మా వాడకట్టు అవ్వ రోజూ పొద్దుమూకినంక వచ్చి నా పక్కకు కూసునేది. ఏం మాట్లాడకపోయేది. నాకు బువ్వ సయించుడు షురువైంది అప్పటిసందే."

ఇందులో 'ఆదరణ' అన్న మాటే లేదు, ఆదరణ మాత్రం ఉంది. మీ ఊరి మాటను దిద్దకుండా అచ్చువేసే పత్రికలున్నాయి. దిద్దే పత్రికకు పంపినా సరుకు మీదే. భాష సరిచేయడం సంపాదకుడి పని.

పని ఇలా మొదలుపెట్టండి. ఎదురుగా తెలిసిన ఒక మనిషి కూర్చున్నట్టు అనుకుని, నాలుగైదు నిమిషాలు ఫోన్లో రికార్డు చేయండి. విన్నది విన్నట్టు రాస్తే 400 నుంచి 500 పదాలు వస్తాయి. అందులోంచి 'అయితే', 'ఆ విధంగా', వాక్యం వాక్యానికీ వచ్చే స్తోత్రాలు తీసేయండి. మర్నాడు పైకి చదవండి. నాలుక తడబడిన చోటల్లా వాక్యాన్ని రెండు ముక్కలు చేయండి. బైబిల్ వచనాన్ని మాత్రం మీ మాటలోకి మార్చొద్దు. ఏ అనువాదం వాడుతున్నారో అందులో ఉన్నట్టే దించండి.

సాక్ష్యం రాసేవాళ్ళు మూడు చోట్ల జాగ్రత్తపడాలి. పాత జీవితం మొత్తంలో మూడో వంతు దాటకూడదు. తాగుడు, తగాదాలు రెండు పేజీలు నడిచి, మార్పు నాలుగు లైన్లలో అయిపోతే పాఠకుడికి గుర్తుండేది తగాదాలే. భర్త, అత్త, అన్నదమ్ముల సంగతులు రాసేముందు వాళ్ళకు చదివి వినిపించి సరే అనిపించుకోండి. ఒప్పుకోకపోతే ఊరు, బంధుత్వం గుర్తుపట్టకుండా మార్చండి, లేదా వదిలేయండి. జబ్బు నయమైన సాక్ష్యమైతే మందులు మానేశానని గొప్పగా రాయొద్దు. అది చదివి షుగరు మాత్రలు పక్కనపెట్టే మనిషి ఎక్కడో ఒకరుంటారు. అలాంటి వాక్యం మా దగ్గరికొస్తే కొట్టేస్తాం.

అనుదిన ధ్యానాలు రెండు పత్రికలకు పంపాను. రెండుచోట్ల నుంచీ 'కొత్తదనం లేదు' అని తిరిగొచ్చాయి. బైబిల్ వాక్యంలో కొత్తదనం ఎక్కడినుంచి తెస్తాం?
– ఒక సోదరుడు, రాజమహేంద్రవరం

వాక్యంలో తేనక్కర్లేదు, చూపులో తెస్తే చాలు. లూకా 10:38–42 తీసుకోండి. యేసు ఇంటికొస్తే పనుల్లో మునిగిపోయిన మార్త, ఆయన మాట వింటూ కూర్చున్న చెల్లెలు మరియ. మా బల్లమీదికొచ్చే వందలో తొంభై ధ్యానాలు మార్తను తిట్టి, మరియను మెచ్చి, 'మనమెవరిలా ఉన్నాం?' అని ముగుస్తాయి. అదే మార్త కథను ఇంకొంచెం ముందుకు చదవండి. యోహాను 11:27లో యేసును దేవుని కుమారుడైన క్రీస్తని నోరారా ఒప్పుకున్నది ఆమే. 12:2లో బేతనియ విందు దగ్గర మళ్ళీ వడ్డిస్తున్నదీ ఆమే. ఈసారి ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. పనిలో తలమునకలైన స్త్రీ అదే పనికి తిరిగొచ్చింది, కానీ మధ్యలో ఆమెకు ఏదో జరిగింది. ఏం జరిగింది? మీ ధ్యానం అక్కడ మొదలవ్వాలి. ఇందుకు గ్రీకు రానక్కర్లేదు. ఒక పాత్రను సువార్తల్లో ఎక్కడెక్కడ ఉందో వెతుక్కుంటూ చివరిదాకా వెళ్తే చాలు.

కొలత కూడా ముఖ్యమే. ఒక పేజీ ధ్యానమంటే 220–250 పదాలు. వచనానికి 15–20, సందర్భానికి 50, చెప్పదలచిన ఒకే ఒక్క విషయానికి 100, ఈరోజు చేయగలిగిన పనికి 50, ప్రార్థనకు 20. ఇంతలో ఏడు రిఫరెన్సులు కుక్కితే ఏ ఒక్కటీ దిగదు. మూలవచనం కాక ఇంకొక్కటి చాలు.

క్రిస్మస్ ధ్యానాన్ని డిసెంబరు మొదటివారంలో పంపి, అచ్చు కాలేదని బాధపడేవాళ్ళు ఏటా ఉంటారు. మాసపత్రిక డిసెంబరు సంచిక అక్టోబరు చివరికే కూర్పవుతుంది. పండుగ రచన మూడు నెలలు ముందు పంపండి.

తిరిగొచ్చే రచనల్లో సగం బైబిల్ వాక్యాన్ని చూడకుండా జ్ఞాపకం మీద రాసినవే. పంపేముందు ఈ కిందివాటిని బైబిల్ తెరిచి సరిచూసుకోండి:

జ్ఞానులు ముగ్గురని మత్తయి 2లో లేదు. కానుకలు మూడు – బంగారం, సాంబ్రాణి, బోళం. లూకా 2లో తొట్టి ఉంది, పశువుల పాక లేదు. అపొస్తలుల కార్యములు 9లో సౌలు నేలమీద పడ్డాడు, గుర్రం మీంచి పడ్డాడని లేదు. ఏదెనులో పండు ఏ పండో చెప్పలేదు కాబట్టి ఆపిల్ అనకండి. యోనాను మింగింది 'గొప్ప మత్స్యము' (యోనా 1:17). మగ్దలేనే మరియను వేశ్య అని ఏ సువార్తా అనలేదు. లూకా 8:2 చెప్పేది ఆమెలోంచి ఏడు దయ్యాలు వెళ్ళిపోయాయని మాత్రమే. 1 తిమోతి 6:10 కీడులకు మూలం అన్నది ధనాపేక్షను, ధనాన్ని కాదు. 'తన్ను తాను ఆదుకునేవాణ్ణే దేవుడు ఆదుకుంటాడు' అన్నది బైబిల్లో ఎక్కడా లేదు, అయినా ఏడాదికి ఇద్దరు ముగ్గురు దానికి రిఫరెన్సు కూడా వేసి పంపుతారు!

పాటలు రాస్తాను. 'చీకటి దారిలో దీపము నీవే' అని పల్లవి మొదలుపెట్టాను. మా క్వయర్‌లో పాడితే 'దారిలో' దగ్గర తాళం తప్పుతోంది. ఒక సినిమా బాణీలో పెడితే సరిపోయింది. అలా వాడొచ్చా?
– ఒక యువకుడు, పాలకొల్లు

ముందు తాళం సంగతి చూద్దాం. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు. హ్రస్వమైనా దాని తర్వాత సంయుక్తాక్షరమో ద్విత్వమో వస్తే రెండే. సున్నా ఉన్నా రెండే. ఇప్పుడు మీ పల్లవి లెక్కపెట్టండి. చీకటి – 4. దారిలో – 5. దీపము – 4. నీవే – 4. నాలుగు నాలుగుగా నడిచే చతురశ్ర గతిలో రెండో మాట ఒక మాత్ర పొడుగైంది. పాడేవాళ్ళు 'దారిలొ' అని కుదించి నెట్టుకొస్తున్నారు, కుదించనివాళ్ళ దగ్గర తాళం తప్పుతోంది. 'దారిలో' బదులు 'బాటకు' అనండి: చీకటి బాటకు దీపము నీవే. 4, 4, 4, 4. మొత్తం 16.

రెండో పాదానికి ప్రాస కలపాలంటే రెండో అక్షరం 'క' కావాలి. 'శోకము తీర్చే స్నేహము నీవే'. మళ్ళీ 4, 4, 4, 4. ప్రాస ప్రతిచోటా తప్పనిసరి కాదు. పుస్తకం లేకుండా పాడే సంఘానికి మాత్రం రెండో పాదాన్ని గుర్తుచేసేది ప్రాసే. పుస్తకం చదవలేని పెద్దవాళ్ళు కూడా పాత కీర్తనల్ని వరస తప్పకుండా పాడగలగడానికి ఇదొక కారణం. పాతకాలపు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు తీసుకుని ఇలాగే మాత్రలు లెక్కపెట్టి చూడండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. నెలరోజులు రోజుకొక కీర్తనకు లెక్క కడితే చెవికి దానంతటదే పట్టుబడుతుంది.

సంఘం పాడే పాటకు ఇంకొన్ని హద్దులున్నాయి. బాణీ ఒక స్థాయి (కింది 'స' నుంచి పై 'స' దాకా) దాటి మహా అయితే ఇంకో ఒకటి రెండు స్వరాలు పైకెళ్ళాలి. అంతకు మించితే చరణం మధ్యలో మగవాళ్ళ గొంతులు ఆగిపోతాయి. పల్లవి రెండు పాదాలు, చరణాలు మూడు. ఒక పాదం ఒక ఊపిరిలో రావాలి. పల్లవిలో 'నీవు' అని దేవుణ్ణి పిలిచి, చరణంలో 'ఆయన' అనేసి, మళ్ళీ 'నీవు'కు రావడం కొత్తవాళ్ళ పాటల్లో తరచుగా చూస్తాం. పాటంతా ఒక సంబోధనకే కట్టుబడండి.

ఇక సినిమా బాణీ – వద్దు. బాణీ హక్కు సంగీత దర్శకుడిదో ఆడియో కంపెనీదో అయి ఉంటుంది. మాటలు మీవైనంత మాత్రాన బాణీ మీదవదు. యూట్యూబ్‌లో పెట్టగానే అది బాణీని పోల్చుకుంటే ఆదాయం వాళ్ళకు వెళ్తుంది, లేదా వీడియో ఆగిపోతుంది. చట్టం అటుంచి, ఆరాధనలో కూర్చున్నవాళ్ళ కళ్ళముందు ఆ సినిమా డాన్సు కదలదని మీరు హామీ ఇవ్వగలరా?

మా పాస్టరు గారి పది ప్రసంగాలను పుస్తకంగా వేద్దామని సంఘం అనుకుంటోంది. ఆడియో నుంచి టైపు చేయించాం. నేరుగా ప్రెస్సుకు ఇచ్చేయొచ్చా? ఎన్ని కాపీలు వేయాలి?
– సంఘ కార్యదర్శి, ఒంగోలు

నేరుగా ఇవ్వొద్దండీ. నలభై నిమిషాల ప్రసంగం టైపు చేస్తే దాదాపు 4,000 పదాలవుతుంది. మాటలో పనికొచ్చే పునరుక్తి అచ్చులో విసుగు. 'ఎందరు ఆమేన్ అంటారు?', 'పక్కవాళ్ళతో చెప్పండి' లాంటివి, ఆ వారం ఊళ్ళో జరిగిన సంగతులు, మూడుసార్లు చెప్పిన ఒకే మాట తీసేస్తే 1,800 మిగలాలి. ఈ పని పాస్టరు గారు కాక వేరొకరు చేస్తే నయం. ఎవరి మాటలు వాళ్ళకు కోయబుద్ధి కాదు. కోశాక మాత్రం ఆయన చదివి ఒప్పుకోవాలి.

ఇప్పుడు లెక్క. డెమీ 1/8 సైజులో (మామూలు పుస్తకం కొలత), 14 పాయింట్ల తెలుగు అక్షరంతో పేజీకి సుమారు 215 పదాలు పడతాయి. పది ప్రసంగాలు కలిపి 18,000 పదాలంటే 84 పేజీలు. ముందు పేజీలు, అధ్యాయాల మొదట్లో వదిలే ఖాళీలు కలుపుకుంటే 96 దగ్గర తేలుతుంది. ఇది మంచి అంకె. ప్రెస్సులో ఒక ఫారమంటే 16 పేజీలు కాబట్టి 96 అంటే సరిగ్గా ఆరు ఫారాలు. అదే 98 పేజీలైతే రెండు పేజీల కోసం ఏడో ఫారం ఎక్కాలి. అందుకే చివరి ప్రూఫు దశలో 'ఇంకొక ముందుమాట వేద్దాం' అని ఎవరన్నా ఒప్పుకోకండి. ముందుమాటలు మూడున్న పుస్తకాన్ని ప్రసంగం దాకా చదివేవాళ్ళు తక్కువ.

లోపలికి 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మాప్‌లితో కాగితం, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, పైన మ్యాట్ ల్యామినేషన్ చాలు. 64 పేజీల లోపయితే మధ్యలో పిన్ను కొట్టించొచ్చు. 96కు పర్ఫెక్ట్ బైండింగే (వీపుకు జిగురు పెట్టి అట్ట అంటించేది). ఒక కాపీ 120 గ్రాముల చొప్పున వెయ్యి కాపీలు 120 కిలోలు. ఎక్కడ పెడతారో ముందే చూసుకోండి. మీ సంఘంలో కుటుంబాలు ఎన్ని? దానికి రెండింతలు, అతిథులకు ఇంకో యాభై. అది 300 దాటకపోతే డిజిటల్ ప్రింట్ చేయించండి, చాలకపోతే మళ్ళీ వేయొచ్చు. కాపీ ఖర్చు తగ్గుతుందని ఆఫ్‌సెట్‌లో వెయ్యి వేసి, ఏడు వందలు వేదిక కింద చెదలకు వదిలిన సంఘాలు తక్కువేం కాదు.

చాలా పుస్తకాలు చెడిపోయేది అక్షరాల దగ్గర. మీరు ఫోన్లోనో కంప్యూటర్లోనో కొట్టింది యూనికోడ్. చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలోనే పేజీలు కడతాయి. కన్వర్ట్ చేసినప్పుడు వత్తులు చెదురుతాయి, రిఫరెన్సుల్లో అంకెలు, చుక్కలు మారిపోతాయి. కాబట్టి ఫైలు ఇచ్చేముందు ఒకసారి, పేజీలు కట్టాక పీడీఎఫ్‌లో ఇంకోసారి ప్రూఫు చూడాలి. రెండోసారి ఇద్దరు కూర్చోండి. ఒకరు పీడీఎఫ్‌లోని ప్రతి వచనాన్నీ పైకి చదవాలి, రెండోవారు బైబిల్ తెరిచి సరిచూడాలి. ఒక పూట పని, అంతే.

ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ నంబరు) కోసం ఏజెంటుకు డబ్బులివ్వక్కర్లేదు. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ సంస్థ ఆన్‌లైన్లో ఉచితంగా ఇస్తుంది. 13 అంకెలుంటాయి. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈబుక్ వేస్తే దానికి వేరొకటి. అట్ట డిజైన్ కాకముందే దరఖాస్తు పెట్టండి. పుస్తకం వచ్చాక 30 రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చట్టం చెప్పిన మరో మూడు గ్రంథాలయాలకు తలా ఒక కాపీ పంపాలి. 1954 నాటి చట్టమిది, చిన్న ప్రచురణకర్తలు ఎక్కువగా మర్చిపోయేది. వచనాలు పెద్ద ఎత్తున వాడుకుంటే బెంగళూరులోని బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియాకు రాసి అనుమతి తీసుకోండి. ఏ అనువాదం వాడారో హక్కుల పేజీలో ఒక లైను వేయండి.

ఇంగ్లండు బోధకుడు స్పర్జన్ ప్రసంగాలు, బ్రిటిష్ రచయిత సి.ఎస్. లూయిస్ పుస్తకాలు తెలుగులోకి తేవాలని ఉంది. ఎవరిని అడగాలి?
– ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. స్పర్జన్ పోయింది 1892లో, కాబట్టి ఆయన ఇంగ్లీషు మూలాన్ని నిరభ్యంతరంగా అనువదించుకోవచ్చు. కానీ నేటి ఇంగ్లీషులోకి ఎవరో సరళంగా తిరగరాసిన ప్రతి మీ చేతిలో ఉంటే దాని హక్కు ఆ తిరగరాసినవారిది. పాత ముద్రణ చూసే అనువదించండి. లూయిస్ 1963లో పోయారు. ఆయన బతికుండగా అచ్చయిన పుస్తకాలకు ఇక్కడ గడువు 2023 చివరికి తీరింది. బ్రిటన్లో 70 ఏళ్ళు కాబట్టి 2033 చివరిదాకా ఉంటుంది. అమెరికాలో లెక్క వేరు, చాలా పుస్తకాలకు ఇంకా హక్కులున్నాయి. విదేశాల్లోని తెలుగువాళ్ళకు ఈబుక్ అమ్మే ఉద్దేశముంటే అనుమతి లేకుండా ముందుకెళ్ళకండి.

బతికున్న రచయితలకైతే ప్రచురణ సంస్థకు ఈమెయిల్ రాయాలి. పుస్తకం పేరు, ఏ ముద్రణ, ఏ భాషలోకి, ఎన్ని కాపీలు, ధర ఎంత, ఉచితమా – ఇవన్నీ ఒకే ఉత్తరంలో ఉండాలి. జతగా ఐదు పేజీల అనువాదం. జవాబు రాకముందే పుస్తకమంతా అనువదించి కూర్చోవద్దు.

ఏఐ చాట్ యాప్‌ను అడిగితే నిమిషంలో ధ్యానం రాసిస్తోంది. వాడుకుంటే తప్పా?
– ఒక విద్యార్థి, ఖమ్మం

అక్షరదోషాలు చూసుకోడానికి, పొడుగు వాక్యం కుదించుకోడానికి వాడుకోండి. వచనాల దగ్గర నమ్మొద్దు. పాత అనువాదం శైలిలో, వినడానికి అచ్చం బైబిల్ లాగే ఉండే వాక్యాన్ని అల్లి, దానికి అధ్యాయం అంకె కూడా వేసి ఇవ్వగలదు. అది రాసిచ్చిన ధ్యానాన్ని మీ పేరుతో పంపితే మాత్రం మేం తీసుకోం.

మా ఊళ్ళో క్రైస్తవేతర మిత్రులు కూడా చదివేలా రాయాలంటే ఏం చేయాలి?
– ఒక సోదరుడు, కావలి

ముందు 'అన్యులు' అన్న మాట మానేయండి. ఎదుటివాణ్ణి బయట నిలబెట్టి లోపలికి రమ్మన్నట్టు ఉంటుంది. 'రక్షింపబడ్డాను', 'భారం కలిగింది', 'అభిషేకం' లాంటివి సంఘం బయట ఎవరికీ అందవు. వాటి స్థానంలో జరిగింది చెప్పండి. ఇతరుల దేవుళ్ళను, పూజలను ఎగతాళి చేసే వాక్యం ఒక్కటి కూడా వద్దు. మర్యాద సంగతి అలా ఉంచినా, కావాలని మతభావాలను గాయపరిస్తే భారతీయ న్యాయసంహిత 299వ సెక్షన్ కింద కేసవుతుంది.

గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. క్రైస్తవులు మాత్రమే చదివితే వచ్చే గుర్తింపు కాదది. తెలుగు పద్యం మీద ప్రేమ ఉన్న ఎవరైనా ఆ కావ్యాన్ని తెరవగలరు. మీరు పద్యం రాయనక్కర్లేదు. రాసిన రెండు పేజీలు చర్చికి రాని ఒక స్నేహితుడి చేతికిచ్చి, అర్థంకాని మాటల కింద గీత గీయమనండి. ఎన్ని గీతలు పడితే అన్ని మార్పులు.

పత్రికలు డబ్బులిస్తాయా? రచన ఇచ్చేస్తే హక్కులు పోతాయా?
– ముగ్గురు పాఠకులు

చాలా క్రైస్తవ పత్రికలు ఇవ్వవు, సంచిక కాపీలు పంపుతాయి. పంపేముందే అడగడంలో తప్పులేదు. హక్కులు మీ సంతకంతో రాతపూర్వకంగా ఇస్తేనే పోతాయి, ఫోన్లో అన్నమాట చెల్లదు. ఒప్పందంలో ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళుగా, ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియాకే పరిమితంగా లెక్కిస్తుంది. హక్కు తీసుకున్నవాళ్ళు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేనప్పుడు, అది మీకు తిరిగొస్తుంది. ఒకే రచనను ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి. రెండు నెలలు చూసి ఒక గుర్తుచేసే ఉత్తరం రాయండి, ఇంకో నెల చూసి మరొకరికి పంపుకోండి. మాకు పంపేవాళ్ళు యూనికోడ్ ఫైలు పంపండి. చేతిరాత పేజీలను ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే చివరి లైను ఎప్పుడూ తెగిపోతోంది.